దుల ఎంతున్నదో అడగాల్నంటే రోగి బాస రావాలె

జ్వరమొస్తే థర్మామీటర్ పెడ్తరు. బీపీ ఉంటే చేతికి పట్టీ సుట్టి గాలి కొడ్తరు. షుగరుంటే వేలు గుచ్చి సుక్క నెత్తురు తీస్తరు. మరి దుల పెడ్తుంటే? రాత్రంత గోక్కుంట నిద్ర లేకపోతే? పెయ్యి మీద తెల్ల పొలుసులు సూసి పక్కోళ్లు జరిగి కూసుంటుంటే? ఆ బాధను కొలిచే మిషన్ లేదు. పొలుసు ఎంత జాగల లేసింది, ఎంత ఎర్రగున్నది అని డాక్టర్ కండ్లతోని సూసి లెక్క కట్టొచ్చు. కని ఆ జబ్బు మనిషి బతుకును ఎంత తిన్నదో ఆ మనిషినే అడగాలె.

అందుకే చర్మం డాక్టర్లు ఒక ప్రశ్నల కాయితం చేతుల పెడ్తరు. రోగి జవాబులు చెప్తడు, మార్కులు కూడుతరు, ఆ లెక్కను బట్టి జబ్బు ఎంత ఇబ్బంది పెడ్తున్నదో అంచనా కడ్తరు. నేను చెప్పేది ఒక్కటే ముచ్చట. ఆ కాయితం గూడ థర్మామీటర్ అసొంటిదే. థర్మామీటర్ల పాదరసం ఉన్నట్టు కాయితంల మాటలుంటయ్. మాట తప్పితే కొలత తప్పుతది. కొలత తప్పితే మందు గూడ తప్పుతది.

ఈ ముచ్చటకు టర్కీని ఎందుకు పట్టుకున్నంటే, ఇంగ్లీషుల పుట్టిన ఇసొంటి కాయితాలను సొంత బాసలకు తెచ్చుకునే పని అక్కడి డాక్టర్లు, నర్సులు మస్తు చేసిండ్రు. ఇంకో కారణం గూడ ఉన్నది. టర్కిష్ బాస మన తెలుగు లెక్కనే నడుస్తది. క్రియ వాక్యం కొసకు వస్తది. మాట వెనుక తోకలు తగిలిచ్చుకుంట పోతరు. అరబ్బీ, ఫార్సీ నుంచి వచ్చిన మాటలు మనకూ ఉన్నయ్, వాళ్లకూ ఉన్నయ్. మనం జవాబు అంటం, వాళ్లు జెవాప్ అంటరు. మన ముసలోళ్లు హకీం అంటరు, వాళ్లు హెకిమ్ అంటరు. మన దవాఖానల ఉన్న 'ఖాన', వాళ్ల హస్తానెల ఉన్న 'హానె' రెండూ ఒకటే, ఇల్లు అని అర్థం. హస్తా అంటే రోగి, హస్తానె అంటే రోగుల ఇల్లు. గందుకే వాళ్ల తిప్పలు మనకు తొందరగ సమజైతయ్.

పది ప్రశ్నలు, ముప్పై మార్కులు

ముందుగాల్ల ఆ కాయితం ఏందో చూద్దాం. 1994ల బ్రిటన్‌ల ఉన్న కార్డిఫ్ నగరంల ఆండ్రూ ఫిన్లే, గుల్ కరీం ఖాన్ అనే ఇద్దరు కలిసి ఒక ప్రశ్నల పట్టీ తయారు చేసిండ్రు. దాని పేరు డెర్మటాలజీ లైఫ్ క్వాలిటీ ఇండెక్స్. పొట్టిగ డీఎల్‌క్యూఐ అంటరు. కుర్చీల కూసొని సొంతంగ రాసింది కాదది. చర్మం జబ్బున్న 120 మందిని 'మీ జబ్బు మీ బతుకుల ఏమేం చెడగొట్టింది' అని అడిగి, వాళ్లు చెప్పిన దాంట్ల నుంచి పది ప్రశ్నలు తీసిండ్రు.

అన్ని ప్రశ్నలూ పోయిన వారం గురించే. దుల, నొప్పి, మంట ఎంతున్నది? సిగ్గయిందా? అంగడికి పోవుడు, ఇంటి పని, తోట పని ఆగిందా? ఏ బట్టలు తొడుగాల్నో జబ్బే తేల్చిందా? నలుగుట్ల కలిసేకాడ ఇబ్బందయిందా? ఆటలు, కొలువు లేకుంటే సదువు, జీవిత భాగస్వామి, దోస్తులు, సుట్టాలు, సంసార సుఖం, ఆఖరికి వైద్యమే ఒక బరువయిందా? ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాంక మార్కులు. అన్నీ కలిపితే 30. 0, 1 వస్తే జబ్బు బతుకు మీద పడలేదన్నట్టు. 2 నుంచి 5 అయితే కొంచెం. 6 నుంచి 10 అయితే మధ్యరకం. 11 నుంచి 20 అయితే చానా ఎక్కువ. 21, ఆ పైన అయితే ఇగ చెప్పే పని లేదు.

ఈ లెక్క ఉత్త లెక్క కాదు. బ్రిటన్‌ల సోరియాసిస్ రోగికి బయొలాజిక్ అనే ఖరీదైన సూదిమందు సర్కారు ఖర్చుతోని ఇయ్యాల్నంటే, మామూలుగ డాక్టర్ కంటితోని కట్టిన లెక్క 10 ఉండాలె, ఈ కాయితం మీద మార్కులు 10 దాటాలె. అంటే 10కి, 11కి నడుమ ఒక తలుపున్నది. రోగి ఒక్క ప్రశ్నను తప్పు సమజ్ చేసుకుంటే ఆ తలుపు మూసుకుంటది. మాట ముచ్చట పానం ముచ్చట అయ్యేది ఇక్కడనే.

ఈ కాయితాన్ని టర్కిష్‌లకు తెచ్చి, అది అక్కడి రోగుల మీద సక్కగ పనిచేస్తదా లేదా అని పడమటి టర్కీల ఉన్న మనిసా ఊరి డాక్టర్లు పరీక్ష చేసి 2006ల అచ్చేసిండ్రు. 'గింత చిన్న కాయితం, పది ప్రశ్నలు, ఒక్క దినంల అనువాదం చేయొచ్చు గదా' అని మీకు అనిపించొచ్చు. చేయొచ్చు. కని అది అనువాదమే అయితది, కొలత కాదు. ఎందుకో చూడున్రి.

తోలు అనాల్నా, చర్మం అనాల్నా

మొదలు 'చర్మం' అన్న మాట కాడనే బండి ఆగుతది. టర్కిష్‌ల చర్మానికి రెండు మాటలున్నయ్. ఒకటి దెరి, ఇంకోటి జిల్ట్. దెరి అంటే మన తోలు అసొంటిది. పెయ్యి మీది తోలూ దెరే, తోలు జాకెట్ల తోలూ దెరే. జిల్ట్ అరబ్బీ నుంచి వచ్చింది. దానికి చర్మం అనీ అర్థమున్నది, పుస్తకం అట్ట అనీ, పుస్తకం సంపుటం అనీ అర్థమున్నది. హైదరాబాద్‌ల ఉర్దూ తెల్సినోళ్లను అడగున్రి, జిల్ద్ అంటే పుస్తకం అట్ట అనే చెప్తరు. అందం క్రీముల డబ్బా మీద జిల్ట్ అని ఉంటది. మన తాన గూడ అంతే. క్రీము అడ్వర్టైజ్‌మెంట్ల 'చర్మ సౌందర్యం' అంటరు గని 'తోలు సౌందర్యం' అంటరా? అదే పొలంల పనిచేసే తాత 'తోలు లేసిపోతున్నది బిడ్డా' అంటడు గని 'చర్మం' అనడు. ఏ మాట ఏస్తే ఎవరికి సమజైతదో, ఏ మాటకు ఎవరు నొచ్చుకుంటరో చూసి తేల్చాలె.

ఇగ జబ్బు పేర్లు. సోరియాసిస్‌ను టర్కీల సెదెఫ్ జబ్బు అంటరు. సెదెఫ్ అంటే ముత్యపు చిప్ప. పొలుసు తెల్లగ వెండి లెక్క మెరుస్తది గదా, అందుకు. సోరియాసిస్ అంటే నోరు తెరిచే అవ్వ సెదెఫ్ అనంగనే తలకాయ ఊపుతది.

ఆ తర్వాత బాధ మాటలు. ఇంగ్లీషుల మొదటి ప్రశ్నల నాలుగు రకాల బాధను ఒక్క గుంపుల కట్టిండ్రు. దుల, పచ్చిగుండి తాకితే నొచ్చుడు, నొప్పి, సుర్రుమనుడు. టర్కిష్‌ల కషింతి అంటే దుల, యన్మా అంటే మంట, బత్మా అంటే ముల్లు గుచ్చినట్టు. నొప్పికి మల్ల రెండు మాటలు. తలనొప్పి, నడుమునొప్పి అసొంటి లోపలి నొప్పికి ఒక మాట ఉంటే, కోసుకున్నప్పటి పదునైన నొప్పికి అజి అనే మాట ఉన్నది. అజి అంటే చేదు గూడ, కారం గూడ, దుఃఖం గూడ. మనం మంట అన్న ఒక్క మాటను పొయ్యి మంటకు, మిరపకాయ మంటకు, కడుపు మంటకు వాడినట్టే. ఇంగ్లీషు నాలుగు మాటలకు టర్కిష్ నాలుగు మాటలు పక్కపక్కన పెడితే సరిపోదు. చర్మం జబ్బున్నోడు తన బాధను నిజంగ ఏ మాటతోని చెప్తడో ఇని, ఆ మాట పెట్టాలె.

సిగ్గు ముచ్చట ఇంకా లోతు. ఇంగ్లీషుల రెండో ప్రశ్న రెండు సంగతులు అడుగుతది. సిగ్గయిందా అనేది ఒకటి. నలుగురు నన్నే సూస్తున్నరేమో అని మనసుల గుబులుందా అనేది రెండోది. రెండోదానికి ఇంగ్లీషుల ఒక్క మాట ఉన్నది, టర్కిష్‌ల లేదు, మనకూ లేదు. సిగ్గు ఒక్కటే పెడితే ఏమైతది? 'నేనేం తప్పు చేసిన, సిగ్గెందుకు' అని ఒకామె 'లేదు' అంటది. కని ఆమెనే నిండు చేతుల జాకెట్ తొడిగి, పెండ్లిళ్లకు పోవుడు బంద్ చేసి ఉంటది. బాధ ఉన్నది, కాయితం మీద సున్నా పడ్డది.

మస్తు, చానా, జర

ప్రశ్నలు ఒక ఎత్తు, జవాబులు ఒక ఎత్తు. ఈ కాయితంల జవాబుకు నాలుగు మెట్లున్నయ్. అన్నిటికంటె మీద 'మస్తు', దాని కింద 'చానా', దాని కింద 'జర', అడుగున 'అసల్కే లేదు'. 3, 2, 1, 0. టర్కిష్‌ల చోక్ అంటే చానా. బిరాజ్ అంటే జర. హిచ్ అంటే అసల్కే లేదు. మరి చోక్ కంటే మీది మెట్టుకు ఏం పెట్టాలె? చోక్‌కే ఇంకో మాట తగిలిచ్చి 'చోక్ ఫజ్లా' అనొచ్చు. కని జనం మాట్లాడేటప్పుడు ఈ రెంటికి నడుమ తేడా పాటిస్తరా? మనోళ్లు 'మస్తు నొస్తుంది', 'చానా నొస్తుంది' అన్నప్పుడు ఏది పెద్దదో మీరు చెప్పగల్గుతరా? ఒక్కో జిల్లాల ఒక్కో తీరు.

మెట్ల నడుమ దూరం సమానంగ లేకపోతే నిచ్చెన వంకర పోతది. పది ప్రశ్నలల ఒక్కోదానికి ఒక్క మార్కు అటిటైనా మొత్తం మీద పది మార్కుల తేడా. 6 వచ్చినోడికి 16 వస్తది, 16 వచ్చినోడికి 6 వస్తది. అందుకే జవాబు మెట్లను గూడ రోగుల ముందు పెట్టి 'వీటిని చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగ పెట్టున్రి' అని అడిగి చూస్తే మంచిది.

అడగనిది, అడగరానిది

మాటలు సరిపోయినా బతుకు సరిపోకపోవచ్చు. కార్డిఫ్ బతుకుల నుంచి పుట్టిన ప్రశ్నలు అనతోలియా బతుకుల ఎట్ల నిలవడ్తయ్?

తోట పని అని ఉన్నది. ఇస్తాంబుల్ల ఏడో అంతస్తుల ఉండే ఆమెకు తోట ఏడుంటది? ఊర్ల ఉండే ఆమెకు అది తోట కాదు, పొలం. పొద్దుగాల నుంచి పొద్దూకే దాంక చేసే కష్టం. ఇంగ్లీషోడు ఆదివారం గులాబీలకు నీళ్లు పోసుడు, ఆమె పత్తి ఏరుడు ఒక్క గడిల ఎట్ల పడ్తయ్?

జీవిత భాగస్వామి గురించి ఒక ప్రశ్న ఉన్నది. టర్కిష్‌ల ఎష్ అని పెడితే మొగుడో, పెండ్లామో అని అర్థం. పెండ్లి కాని పిల్లగాడు 'నాకు సంబంధం లేదు' అని దాటేస్తడు. సంసార సుఖం ప్రశ్న ఉన్నది. పెండ్లి కాని ఆడపిల్ల చేతుల ఆ కాయితం పెడితే, పక్కన తల్లి కూసొని ఉంటే, ఏం రాస్తది? చదువు రాని అవ్వకు మనుమడు చదివి వినిపిస్తుంటే ఆ ప్రశ్న కాడ ఇద్దరూ తల దించుకుంటరు. అక్కడ పడే సున్నా జబ్బు లేనందుకు పడ్డ సున్నా కాదు.

వైద్యం ఎంత టైం తింటున్నది, ఇల్లు ఎంత కరాబైతున్నది అని ఆఖరి ప్రశ్న. సివాస్ ఇలాకల కంగల్ అనే తావు ఉన్నది. అక్కడ వేడి నీళ్ల ఊటల చిన్న చిన్న శాపలు ఉంటయ్. సోరియాసిస్ ఉన్నోళ్లు ఆ నీళ్లల్ల కూసుంటే శాపలు పొలుసులు కొరికి తింటయ్. మూడు వారాలు అక్కడనే ఉండాలె అంటరు. అది జబ్బును ఎంత తగ్గిస్తదన్న చర్చ పక్కకు పెట్టున్రి. మూడు వారాలు కొలువు, ఇల్లు ఇడిసిపోయినోడికి 'క్రీము మరకలతోని ఇల్లు కరాబయిందా' అన్న ప్రశ్న ఎట్ల అతుకుతది?

అడిగినయి ఇట్ల ఉంటే, అసలు అడగనియి ఇంకోతీరు. చర్మం ఎట్ల కాపాడుకుంటున్నరు అని అడిగే కాయితాలు వేరే ఉన్నయ్. వారంల ఎన్నిసార్లు తానం చేస్తరు, ఎంతసేపు, ఏం సబ్బు అని అడుగుతయ్. టర్కీల నమాజు చేసే మనిషి వారానికి మూడు తానాలు అని నిజమే చెప్తడు. కని దినానికి ఐదు నమాజులకు అబ్దెస్త్ చేసుకుంటడు. మన తాన వజూ అంటరు. చేతులు మోచేతుల దాంక, మొకం, కాళ్లు కడుగుడు. చేతుల మీద గజ్జి కురుపులున్నోడికి నీళ్లు ఎన్నిసార్లు తాకుతున్నయన్నది పెద్ద లెక్క. ఆ లెక్క తానం ప్రశ్నల దొరకది. హమామ్‌ల కెసె అనే గరుకు చేతి సంచితోని పెయ్యి రుద్దుకునే అలవాటున్నది, అదీ దొరకది. ఇంటికొచ్చిన సుట్టాల చేతుల్ల కొలొన్యా అనే అత్తరు నీళ్లు పోస్తరు, దాంట్ల నూటికి 80 పాళ్ల దాంక ఆల్కహాలే. ఎండి పగిలిన చేతికి అది తాకితే ఏమైతదో చెప్పే పని లేదు. ఇయన్నీ తెల్సుకోవాల్నంటే బాస తెల్సినోడు చాలడు, ఆ ఇండ్లల్ల మసలినోడు కావాలె.

సున్నా లెక్క

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. డీఎల్‌క్యూఐల కొన్ని ప్రశ్నలకు 'నాకు సంబంధం లేదు' అనే గడి ఉన్నది. దాని మీద గీత పెడితే 0 మార్కులు. ఇప్పుడు పెండ్లి కాని, కొలువు లేని, ఆటలాడని ఒక ఆడమనిషిని అనుకోన్రి. మూడు ప్రశ్నలకు సంబంధం లేదు అని పెట్టింది. ఆమెకు మిగిలింది ఏడు ప్రశ్నలు, 21 మార్కులు. కని తలుపు తెరిచే గీత మాత్రం 10 మీదనే ఉన్నది. ఆమె ఆ ఏడిట్ల 9 మార్కులు తెచ్చుకుంటే 'మధ్యరకం' అని పక్కకు పెడ్తరు.

హంగేరీకి చెందిన పరిశోధకులు 2018ల దీనికి ఒక మందు చెప్పిండ్రు. సంబంధం లేని ప్రశ్నలు తీసేసి, మిగిలినయి 30కి లెక్క కట్టాలె అన్నరు. మన లెక్కల 9ని 10తోని గుణించి 7తోని భాగిస్తే దాదాపు 13 వస్తది. అదే మనిషి, అదే జబ్బు, అవే జవాబులు. ఒక లెక్కల తలుపు మూత, ఇంకో లెక్కల తలుపు బార్లా. 'సంబంధం లేదు' ఎక్కువ పడేది ఎవరికి? ఇంటి పట్టున ఉండే ఆడోళ్లకు, ముసలోళ్లకు, పెండ్లి కాని పిల్లలకు. అంటే ఎవరి బతుకు కార్డిఫ్ బతుకుకు దూరమో వాళ్లకే నష్టం.

సక్కగ మార్చుడు ఎట్ల

మరి సక్కగ మార్చుడు ఎట్ల? దానికి ఒక పద్ధతి ఉన్నది. ముందు ఇద్దరు వేర్వేరుగ టర్కిష్‌లకు తెస్తరు. ఒకరు వైద్యం తెల్సినోళ్లు, ఇంకొకరు తెల్వనోళ్లు అయితే మంచిది. ఎందుకంటే తెల్సినోడు తెల్వకుండనే డాక్టర్ బాస రాస్తడు. రెండూ పక్కపక్కన పెట్టి ఒకటి చేస్తరు. తర్వాత అసలు కాయితాన్ని సూడని ఇంకో ఇద్దరు దాన్ని మల్ల ఇంగ్లీషుకు తిప్పుతరు. ఎక్కడ తేడా వస్తే అక్కడ మాట జారిందన్నట్టు. ఈ తిరుగు అనువాదాన్ని రిచర్డ్ బ్రిస్లిన్ 1970ల పద్ధతిగ రాసిపెట్టిండు.

కని తిరుగు అనువాదాన్ని గుడ్డిగ నమ్మొద్దు. మాటకు మాట పెట్టిన కంప తెలుగు మల్ల ఇంగ్లీషుకు తిప్పితే అచ్చం అసలు లెక్కనే వస్తది. ఎందుకంటే అది తెలుగే కాదు, తెలుగు అక్షరాల ఇంగ్లీషు. టర్కిష్‌ల గూడ అంతే. జనానికి సమజ్ కాని కాయితమే ఆ పరీక్షల ఫస్టు క్లాసుల పాసైతది.

అందుకే ఇంకో రెండు మెట్లున్నయ్. డాక్టర్లు, నర్సులు, బాస తెల్సినోళ్లు కలిసి ఒక్కో ప్రశ్నను చీల్చి చూస్తరు. ఆ తర్వాత అన్నిటికంటె పెద్ద మెట్టు, రోగులు. 30, 40 మంది నిజమైన రోగుల ముందు కాయితం పెట్టి, జవాబు కాదు, 'ఈ ప్రశ్న మీకు ఏమని సమజైంది? మీ మాటల్ల చెప్పున్రి' అని అడుగుతరు. అక్కడ అసలు రంగు బయటపడ్తది. 'ఈ మాట మా అమ్మకు తెల్వది', 'ఈ ప్రశ్న షరం అనిపిచ్చింది' అనే మాటలు అక్కడనే వస్తయ్.

ఆఖరుకు లెక్కల పరీక్ష. జబ్బు మారని మనిషికి వారం, రెండు వారాల తర్వాత మల్ల అడిగితే దగ్గర దగ్గర అదే మార్కు రావాలె. ఎక్కువ జబ్బున్నోళ్లకు ఎక్కువ, తక్కువున్నోళ్లకు తక్కువ రావాలె. ప్రశ్నలన్నీ ఒకే దిక్కు గుంజాలె. దీనికి క్రోన్‌బాక్ ఆల్ఫా అనే లెక్క కడ్తరు, 0.70 దాటితే సరే అంటరు. గుర్తుంచుకోన్రి, ఈ లెక్క బాగ వచ్చినంత మాత్రాన ప్రశ్న సరైందని కాదు. అందరూ ఒక్కతీరుగ తప్పు సమజ్ చేసుకున్నా లెక్క బాగనే వస్తది.

టర్కిష్ అంటే ఏ టర్కిష్?

ఇంకో చిక్కున్నది. 1928ల టర్కీ అరబ్బీ లిపిని ఇడిసి లాటిన్ అక్షరాలు పట్టుకున్నది. 1932ల టర్కిష్ బాస సంఘం పెట్టి అరబ్బీ, ఫార్సీ మాటలను ఏరి పారేసుడు, కొత్త టర్కిష్ మాటలు పుట్టిచ్చుడు మొదలు పెట్టిండ్రు. జెవాప్ ఉండంగ యనిత్ అనే కొత్త మాట వచ్చింది. ఇప్పటికి రెండూ బతికే ఉన్నయ్. చదువుకున్న పిల్లకు కొత్త మాట నోట్లె ఉంటది, ఊర్ల అవ్వకు పాత మాటే పానం. ప్రశ్నల కాయితం ఎవరి దిక్కు నిలవడాలె? మన తాన 'వ్రణం' అని రాయాల్నా 'పుండు' అని రాయాల్నా అన్న పంచాయితీ ఇదే గదా. దానికి తోడు టర్కీల కుర్దిష్ ఇంటి బాసగ ఉన్నోళ్లు మస్తుమంది ఉన్నరు. వాళ్లకు టర్కిష్ బడి బాస, దవాఖాన బాస.

టర్కీ బయట ఇంకో టర్కిష్ ఉన్నది. 1961 అక్టోబర్ 30న పశ్చిమ జర్మనీ, టర్కీ ఒప్పందం రాసుకున్నయ్. ఫ్యాక్టరీలల్ల, గనులల్ల పనికి అనతోలియా ఊర్లనుంచి జనం పోయిండ్రు. 1973ల ఆ పిలుపు ఆగిపోయింది గని పోయినోళ్లు మస్తుమంది అక్కడనే నిలిచిండ్రు. అప్పుడు పడుచోళ్లు, ఇప్పుడు ముసలోళ్లు. అందులో కొందరు మంచం పట్టిండ్రు. ఇక్కడ చర్మం ముచ్చట ఇంకోతీరు మారుతది, పడక పుండ్లు.

మంచంల ఉన్న మనిషికి పుండు పడే ముప్పు ఎంతున్నదో చూడనీకి నర్సులు బ్రాడెన్ స్కేల్ అనేది వాడుతరు. 1987ల బార్బరా బ్రాడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ దాన్ని లోకానికి చెప్పిండ్రు. ఆరు సంగతులు చూస్తరు. తాకిడి తెలుస్తున్నదా, పెయ్యి తడిగున్నదా, నడుస్తున్నరా, ఒత్తిగిలుతున్నరా, తిండి ఎట్లున్నది, పక్క మీద ఒరుసుకుంటున్నరా అని. మొత్తం 6 నుంచి 23. ఎంత తక్కువైతే అంత ముప్పు. దీన్ని నింపేది నర్సు, రోగి కాదు. మరి బాసతోని పనేంది అంటరా? మొదటి సంగతే చూడున్రి. ఒత్తిడి వల్ల నొప్పైతే రోగి చెప్పగల్గుతుందా అని అడుగుతది. ఆ అవ్వ టర్కిష్‌ల చెప్తుంటది, నర్సుకు జర్మన్ తప్ప రాదు. 'చెప్పలేకపోతున్నది' అని రాస్తదా, 'నాకు సమజ్ కాలేదు' అని రాస్తదా? ఆ కాయితం మీద రెండో గడి లేదు. అటువైపు అవ్వ 'యతక్ యరసి' అంటది, అంటే మంచం పుండు. దవాఖాన కాయితాలల్ల 'బసి యరసి' అని ఉంటది, ఒత్తిడి పుండు. ఒక్క దేశంల పుట్టిన బాసల్నే ఇంటి మాట ఒకటి, దవాఖాన మాట ఒకటి.

ఈ ముచ్చట మన చెల్లెండ్లకు దూరం కాదు. మన సర్కారు సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివినోళ్లకు జర్మన్ నేర్పి జర్మనీకి పంపుతున్నది. రేపు మీ ఊరి పిల్ల అక్కడ ఒక టర్కిష్ అవ్వ మంచం పక్కన నిలవడొచ్చు. ఇద్దరికీ జర్మన్ రెండో బాసే. జర్మన్ పరీక్ష పాసైతే కొలువొస్తది. కని 'ఇక్కడ నొస్తుందా, ఇక్కడ మంట ఉన్నదా' అని అడిగే నాలుగు టర్కిష్ మాటలు నేర్చుకుంటే ఆ అవ్వ నడుము మీద పుండు పడకుండ ఆపొచ్చు.

మన కాయితాలు ఎవరి బాసల ఉన్నయ్?

టర్కీ వాళ్లు ఇంకో పని గూడ చేసిండ్రు. బయటి కాయితాలు తెచ్చుకునుడే కాదు, మనిసా డాక్టర్లు సోరియాసిస్ కోసం సొంతంగ ప్రశ్నల పట్టీ తయారు చేసి, అది గూడ 2006లనే అచ్చేసిండ్రు. అంటే తెచ్చుకున్న కాయితం ఎక్కడ చాలతలేదో వాళ్లకు సమజైందని నాకనిపిస్తది. నా లెక్కల అదే అసలు బలం.

మన తాన ఏముంది? ఆశ అక్కలు ఇల్లిల్లు తిరిగి కుష్ఠు సర్వే చేస్తరు. 'స్పర్శ లేని మచ్చలు ఉన్నాయా' అని అడుగుతది కాయితం. స్పర్శ అనే మాట మా ఊర్ల ఎవ్వలూ ఇంట్ల మాట్లాడరు. అదే 'గిచ్చినా తెల్వని మచ్చ ఉన్నదా, తిమ్మిరి పట్టినట్టుంటదా' అంటే అంగీ పైకి లేపి చూపిస్తరు. తెలివైన ఆశ అక్కలు కాయితంల ఉన్నది చదవరు, ఊరి మాటల్ల అడుగుతరు. వాళ్లకు దండం పెట్టాలె. కని ఒక అక్క అడిగే తీరు, ఇంకో అక్క అడిగే తీరు వేరైతే లెక్క గూడ వేరైతది. ఆ మాట కాయితంలనే ఉండాలె. కుష్ఠుకు మందు ఫ్రీగ ఇస్తరు, 6 నెలలో 12 నెలలో మింగితే తగ్గుతది. ఒక్క మాట సమజ్ కాక మచ్చ దాగిపోతే వేళ్లు వంకర పోతయ్, తిరిగి రావు.

'జనం చదువుకోలే, అందుకే సమజ్ కాదు' అని కొందరంటరు. నేను ఒప్పుకోను. థర్మామీటర్ తప్పు చూపిస్తే జ్వరాన్ని తిట్టం, థర్మామీటర్‌ను మారుస్తం. కాయితం గూడ అంతే. రోగికి సమజ్ కాకపోతే తప్పు రోగిది కాదు, కాయితానిది.

మీరు డాక్టర్లు కాకపోవచ్చు, పరిశోధన చెయ్యకపోవచ్చు. కని ఇంట్ల అవ్వకు, పక్కింటి తాతకు దవాఖాన కాయితాలు చదివి గీతలు పెట్టేది మీరే. గీత పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగున్రి: 'అవ్వా, నేను అడిగింది నీకేమని సమజైంది?' ఆమె చెప్పింది, కాయితంల ఉన్నది ఒకటే అయితే గీత పెట్టున్రి. వేరే అయితే ఊరి మాటల్ల మల్ల అడగున్రి, ఆ ముచ్చట నర్సమ్మకో డాక్టర్‌కో గూడ చెప్పున్రి. సిగ్గు ప్రశ్నలు వస్తే మీరు బయటికి పోయి, ఆశ అక్కనో నర్సమ్మనో లోపలికి పంపున్రి. 'సంబంధం లేదు' అని పెట్టేముందు అది నిజంగ సంబంధం లేదా, జబ్బు వల్లనే ఆ పని మానేసిందా అని అడగున్రి. పెండ్లిళ్లకు పోవుడు ఎందుకు బంద్ చేసినవని అడగనిదే ఆమె చెప్పది.